మన మాట మనమే వినకపోతే పేపరు వింటుందా?

కొన్నేళ్ళ కిందట ఒక దాళ్వాలో జరిగిన సంగతి ఇది. మా శివారుకు ఇరవై రోజులుగా నీళ్ళు రాలేదు. వరి పొట్ట మీద ఉంది. పైనున్నవాళ్ళు ఇంజన్లు పెట్టి తోడుకుంటున్నారు. మా బోదెలో నీళ్ళకు బదులు గుర్రపుడెక్క ఉంది. అధికారుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాం. ఒకరోజు పొద్దున్నే వందమందికి దగ్గరగా రైతులం కలిదిండి సెంటర్లో రోడ్డు మీద కూర్చున్నాం. మండల విలేకరి వచ్చాడు, ఫొటోలు తీశాడు. ఎన్ని ఎకరాలు ఎండుతున్నాయి, ఎన్నాళ్ళయింది, ఎవరికి అర్జీ పెట్టాం, అన్నీ అడిగి రాసుకున్నాడు. మనవాడే, మంచివాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర పేపరు తెరిస్తే మూడు వాక్యాలు కనిపించాయి. 'రాస్తారోకోతో ప్రయాణికుల ఇక్కట్లు' అని హెడ్డింగు. ఫొటోలో ఆగిపోయిన బస్సు, దాని వెనక చేపల లారీ. మేమున్నాం గానీ తలలు కనిపించీ కనిపించనట్టు కింద అంచున ఉన్నాం. నీళ్ళ మాట లేదు. పొట్ట మీదున్న వరి మాట లేదు. ఆ పేపరు చదివిన ఏలూరు పెద్దమనిషికి అర్థమయ్యేదేమిటి? కలిదిండిలో కొందరు పనిలేనివాళ్ళు బస్సు ఆపారని.

సాయంత్రం ఆ కుర్రాడే ఎదురుపడ్డాడు. "బాబాయ్, నేను ఇరవై లైన్లు పంపాను. పైన కోసేశారు" అన్నాడు. కాసేపాగి, "ఈ నెల యాడ్స్ టార్గెట్ కూడా పూర్తి కాలేదు" అని గొణిగాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. జీతం సరిగా ఉండదు, ప్రకటనలు తేవాలి, పండగకీ నాయకుడి పుట్టినరోజుకీ శుభాకాంక్షల పేజీ నింపాలి. ఆ ప్రకటనలిచ్చేవాడు మేతల ఏజెంటో, మిల్లు యజమానో, చెరువుల లీజుదారో అయి ఉంటాడు. వాళ్ళకు కష్టం కలిగించే వార్త వాడెలా పంపుతాడు?

ఈ సంగతి ఇన్నాళ్ళూ నేను ఒక మామూలు చిరాకుగానే చూశాను. గిట్టుబాటు ధర, కాలువ నీళ్ళు, కౌలు కార్డులు – ఇవీ మన సమస్యలు, పేపర్లో ఏం పడిందన్నది చిన్న సంగతి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మన మాట బయటికి వెళ్ళే దారి మూసుకుపోతే మిగతా సమస్యలేవీ కదలవు. కాలువకు తూము ఎలాగో ఊరికి వార్త అలాగ. తూము ఎవడి చేతిలో ఉందో చూసుకోకుండా నీళ్ళు రాలేదని ఏడిస్తే ఏం లాభం?

ఈ మధ్య మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్ చేసినప్పుడు ఈ మాటే వచ్చింది. "మావయ్యా, ఇక్కడ దీని మీద ఏటేటా ఒక ఉపన్యాసం పెడతారు, నలభై ఏళ్ళు దాటింది" అన్నాడు. మీడియాలో న్యాయం, ప్రజల ప్రయోజనం – ఆ రెండే దానికి విషయం. వాషింగ్టన్‌లో జరుగుతుందట. ఎవరెట్ పార్కర్ అనే చర్చి పాస్టరు పేరు మీద పెట్టారు. పాస్టరు పేరుతో మీడియా ఉపన్యాసం ఏమిటా అని వివరం అడిగితే అసలు కథ బయటపడింది. అది మన సంఘం వాళ్ళంతా తెలుసుకోవలసిన కథ.

అమెరికా దక్షిణాన మిసిసిపి అనే రాష్ట్రం ఉంది. అది పత్తి పండే నేల. అక్కడి జాక్సన్ పట్నంలో డబ్ల్యూఎల్‌బీటీ అని ఒక టీవీ స్టేషన్ ఉండేది. దాన్ని చూసే జనంలో నూటికి నలభై మందికి పైగా నల్లవాళ్ళు. కానీ తెర మీద వాళ్ళ కష్టం కనిపించేది కాదు, వాళ్ళ ఉద్యమం వినిపించేది కాదు. 1955లో నల్లవాళ్ళ తరఫు లాయరు థర్‌గుడ్ మార్షల్ జాతీయ కార్యక్రమంలో మాట్లాడుతుంటే, ఈ స్టేషన్ వాళ్ళు బొమ్మ ఆపేసి 'కేబుల్ చెడింది, క్షమించాలి' అని బోర్డు పెట్టారు. మన దగ్గర కరెంటు పోయిందని చెప్పినట్టు!

పార్కర్ ఏం చేశాడంటే, ముందు కేకలు వేయలేదు, లెక్క తీశాడు. 1964 మార్చిలో ఆ ఊళ్ళోనే కొందరు కార్యకర్తలను గుట్టుగా కూర్చోబెట్టి వారం రోజుల పాటు ఆ స్టేషన్‌లో వచ్చిందంతా రాయించాడు. ఎవరిని చూపించారు, ఎవరిని చూపించలేదు, ఎవరిని ఏ పేరుతో పిలిచారు, అంతా కాగితం మీద పెట్టించాడు. ఆ కాగితాలు పట్టుకుని, ఈ స్టేషన్ లైసెన్సు పొడిగించవద్దని కమిషన్‌కు అర్జీ పెట్టాడు. మీకు ఇందులో డబ్బు ప్రయోజనం ఏమీ లేదు గదా, ఊరికే చూసేవాళ్ళకు అడిగే హక్కెక్కడిది అంది కమిషన్. కోర్టుకు వెళ్ళారు. చూసేవాళ్ళకూ వినేవాళ్ళకూ అడిగే హక్కు ఉందని 1966లో కోర్టు చెప్పింది. 1969లో ఆ లైసెన్సే రద్దు చేయించింది. ఆ పార్కర్ 2015 దాకా బతికాడు, నూట రెండేళ్ళు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఆ వారం రోజుల లెక్క. మనం ధాన్యం తేమ మీద, కాటా మీద, మేత బస్తా తూకం మీద లెక్కలు అడుగుతాం. మన గురించి ఎవరు ఎంత చెబుతున్నారన్న లెక్క ఎప్పుడైనా తీశామా?

అది అమెరికా సంగతి, మనకేం సంబంధం అనేవాళ్ళకు మన సంగతే చెబుతాను. 1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గాలిలో తిరిగే రేడియో, టీవీ తరంగాలు ప్రజల ఆస్తి అని, అవి ప్రభుత్వం సొంతమూ కాదు, డబ్బున్నవాడి సొంతమూ కాదు, జనం మేలుకోసం వాడాలని చెప్పింది. నవ్వొచ్చే సంగతేమిటంటే ఆ కేసు రైతుల కోసమో పేదల కోసమో వేసింది కాదు. క్రికెట్ మ్యాచ్ టీవీలో ఎవరు చూపించాలన్న తగాదా మీద బెంగాల్ క్రికెట్ సంఘం నడిపిన కేసు. ఆ ధర్మాసనంలో జస్టిస్ పీబీ సావంత్‌తో పాటు మన తెలుగాయన జస్టిస్ జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. పొలం గట్టు మనది అని రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నట్టే, గాలి మనది అని ఆ తీర్పు ఉంది. కాగితం ఉంది గానీ స్వాధీనం లేదు. ఈ బాధ మనలో చాలామందికి పొలం విషయంలో కూడా అనుభవమే.

ఆ కాగితాన్ని పట్టుకుని స్వాధీనం తెచ్చుకున్నవాళ్ళు మన తెలుగు నేల మీదే ఉన్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊళ్ళో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు దాన్ని నడుపుతారు. కొర్రలు, సామలు, జొన్నలు పండించే బీద రైతులు వాళ్ళు. చాలామంది బడి మొహం చూడలేదు. 1998 ప్రాంతంలోనే కార్యక్రమాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు గానీ గాలిలోకి వదలడానికి లైసెన్సు ఇవ్వలేదు. పదేళ్ళపాటు క్యాసెట్లు తీసుకెళ్ళి సంఘాల్లో వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇవ్వవచ్చని కేంద్రం 2006లో ఒప్పుకున్నాక 2008 అక్టోబర్ 15న ఆ రేడియో మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ తీర్పు ఇచ్చిన సావంత్ గారే.

ఆ రేడియోలో మాట్లాడేది వాళ్ళ యాసలో, వాళ్ళ విత్తనం గురించి, వాళ్ళ పండగ గురించి. దాన్ని నడిపే ఇద్దరి పేర్లూ నర్సమ్మలే, బయటి పత్రికలు కూడా వాళ్ళ గురించి రాశాయి. వాళ్ళను నిలబెట్టిన పీవీ సతీష్ గారు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవాడు. 2023 మార్చిలో పోయారు. అయితే ఒక మాట దాచకూడదు. మన దేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన ఇప్పటికీ ఉంది. ఆకాశవాణి వార్తలు మళ్ళీ వినిపించవచ్చు, అంతే. విత్తనం ఎలా నిల్వ చేయాలో చెప్పొచ్చు గానీ, విత్తనాల షాపువాడు మోసం చేశాడన్న వార్త చెప్పకూడదు! సంఘాలు అడగవలసిన డిమాండు ఇది. నేనైతే మన జిల్లా మహాసభ తీర్మానాల్లో ఈ మాట ఎన్నడూ చూడలేదు.

ఇక మన లంకల వైపు వద్దాం. కొల్లేరు గురించి ఈ దేశంలో రాసినంత ఏ చెరువు గురించీ రాసి ఉండరు. కానీ రాసింది ఎవరి నోటి నుంచి? 1976లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించి లంక గ్రామాల పేదలకు ఇచ్చింది. తరవాత పెట్టుబడి వచ్చింది, లీజులు వచ్చాయి, పేదవాడి పేరు కాగితం మీద మిగిలింది, చెరువు పెద్దవాడి చేతిలోకి వెళ్ళింది. 1999లో 120 నంబరు జీవో ఇచ్చి ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. అప్పుడు నగరాల నుంచి వచ్చిన టీవీ కెమెరాలకు రెండే కనిపించాయి – గట్టు పేలడం, పక్షి ఎగరడం. కొల్లేరు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. సరస్సు పూడితే వరదకు మునిగేది మనమే, ఉప్పుటేరు నుంచి ఉప్పు ఎగదన్నేదీ మన మీదికే. కానీ ఆక్రమణదారులు అన్న ఒకే ఒక మాటలో వందల ఎకరాలు లీజుకు తిప్పిన పెట్టుబడిదారునీ, సొసైటీలో పావు ఎకరం వాటా ఉన్న వడ్డి కులస్తునీ కలిపేశారు. పెద్దవాడు పేపరు వాళ్ళతో మాట్లాడాడు, లాయరును పెట్టుకున్నాడు. వలవేసేవాడి ఇంటికి మైకు వెళ్ళలేదు. వాడి పొయ్యి ఆరిన సంగతి పక్క లంకకే సరిగా తెలియదు.

ఐదో కాంటూరు, మూడో కాంటూరు అని ఇప్పటికీ చర్చలు జరుగుతూనే ఉన్నాయి. ఆ అంకెలంటే ఏమిటో మన ఊళ్ళో రచ్చబండ మీద కూర్చుని విడమరిచి చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా? సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా నీళ్ళు నిలిస్తే సరస్సు ఎంత మేర పరుచుకుంటుందో గీసిన గీత అది. ఇంత సులువైన మాట తెలియక జనం ఎవరు ఏ అంకె చెబితే దానికి జై కొడుతున్నారు. ఓట్ల కోసం వచ్చేవాడికి అదే కావాలి.

ఇంకోటి చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చి మన కైకలూరు నియోజకవర్గాన్ని కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలో కలిపారు. దానితో పాటు మన వార్తలు కూడా జిల్లా మారాయి. జిల్లా అనుబంధాలు తెలుగు పత్రికల్లో 1989 ప్రాంతంలో మొదలైనప్పుడు నేను కుర్రాణ్ణి. మన ఊరి పేరు అచ్చులో చూసుకుని మురిసిపోయాం. ఇప్పుడు చూస్తే అది ఒక గోడ కూడా అయింది. కలిదిండిలో కాలువ ఎండిన వార్త ఏలూరు జిల్లా పేజీలో పడుతుంది, పక్కనే ఉన్న బంటుమిల్లి రైతు చదివేది కృష్ణా జిల్లా పేజీ. అదే నీళ్ళకోసం ఎదురుచూసే ఇద్దరికీ ఒకరి గోడు ఒకరికి తెలియదు. నీళ్ళు వదిలేది విజయవాడ బ్యారేజీ దగ్గర, అక్కడి పేజీలో మనం అసలే ఉండం. కాలువకు జిల్లా హద్దు తెలియదు గానీ పేపరుకు తెలుసు.

జిల్లా పేజీలను తిట్టి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. అవే పేజీలు ఒకప్పుడు ప్రభుత్వాన్ని దించినంత పని చేశాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు పాఠంలోని కథ చదివి సారా కొట్టు మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఎలా పాకింది? పత్రికలు ఊరూరి వార్తా రాశాయి, ఈనాడు ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఒక ఊరి ఆడవాళ్ళు చేసింది ఇంకో ఊరి ఆడవాళ్ళు చదివించుకుని విన్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఆ నిషేధం నిలవలేదు, అది వేరే కథ. పత్రిక తలుచుకుంటే పల్లె మాట రాజధాని దాకా మోయగలదని మాత్రం మన తరం కళ్ళారా చూసింది. ఇవాళ మోయడం లేదంటే చేతకాక అనుకోవడానికి లేదు.

సాయినాథ్ గారు తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2006లో ముంబయిలో బట్టల ఫ్యాషన్ ప్రదర్శనకు ఐదువందల మందికి పైగా విలేకరులు గుర్తింపు కార్డులు తీసుకున్నారట. ఆ ప్రదర్శనలో నూలు బట్టలే వేసుకుని తిరిగారు. ఆ నూలు పండించే విదర్భ రైతులు గంట విమాన ప్రయాణం దూరంలో ఉరి వేసుకుంటుంటే, ఆ వార్త కోసం దేశం మొత్తం నుంచి అక్కడున్న విలేకరులు ఆరుగురట. మనకూ అలాంటిదే జరిగింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతం చేసినప్పుడు రొయ్య ధర పడింది. టీవీల్లో రోజూ చర్చలే. నేను చూసిన చర్చల్లో ఎగుమతిదారు ఉన్నాడు, ఆర్థిక నిపుణుడు ఉన్నాడు, మూడు పార్టీల ప్రతినిధులు ఉన్నారు. రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కునుకు లేకుండా గట్టు మీద కూర్చునే కౌలు రైతు ఒక్కడూ లేడు. సుంకం పేరు చెప్పి గట్టు మీద ధర ఎంత కోశారో అడిగే మనిషి ఆ కుర్చీల్లో లేకపోతే ఆ ప్రశ్న ఎవరు వేస్తారు?

ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబర్ నుంచి కూర్చున్న రైతులకు ఇదే అనుభవమైంది. టీవీలు వాళ్ళను ఖలిస్తానీలన్నాయి, దళారులన్నాయి. వాళ్ళు ఏం చేశారు? డిసెంబర్ 18న 'ట్రాలీ టైమ్స్' అని సొంత పేపరు వేసుకున్నారు. పంజాబీలోనూ హిందీలోనూ నాలుగు పేజీలు. ఏ ట్రాక్టరు ట్రాలీలో పడుకుంటున్నారో దాని పేరే పెట్టుకున్నారు. ఇది మనకు కొత్త కాదు. స్వాతంత్ర్యానికి ముందే నెల్లూరులో 'జమీన్ రైతు' వెంకటగిరి జమీందారీ మీద రైతుల పక్షాన నిలిచి పోరాడింది. మీ చేతిలో ఉన్న ఈ మాసపత్రిక ఆ దారిలోదే.

ఇక్కడే నాకు గొంతు పట్టుకుంటోంది. బయటి పేపర్లను తిట్టడం తేలిక. మన పత్రికలో మనం ఎవరి మాట వేస్తున్నాం?

మూడేళ్ళ కిందట మా యూనిట్ సమావేశంలో ఒక చెల్లెమ్మ లేచింది. సెంటున్నర స్థలంలో ఇల్లు, కూలి పని. "అన్నయ్యగారూ, మా బోరు నీళ్ళు ఉప్పుకషాయం అయిపోయాయండి. క్యాన్ నీళ్ళు కొనుక్కుని తాగుతున్నాం. మా చుట్టూ అన్నీ చెరువులే. దీని గురించి సంఘం ఏమన్నా చేస్తుందాండీ?" అని అడిగింది. అధ్యక్షత వహించింది నేను. నేనేమన్నానో తెలుసా? "అమ్మా, ఇది రైతు సంఘం సమావేశం. తాగునీళ్ళ సంగతి పంచాయితీలో అడగండి" అన్నాను. ఆమె కూర్చుంది. తరవాత సమావేశాలకు రాలేదు. ఆ నెల పత్రికకు సమావేశం రిపోర్టు రాసి పంపింది కూడా నేనే. ఆమె అడిగిన మాట అందులో లేదు. ఇరవై లైన్లు కోసిన ఆ డెస్కువాడికీ నాకూ తేడా ఏమిటి?

ఎందుకలా అన్నానో నాకు తెలుసు. మా యూనిట్‌లో సభ్యత్వం కట్టినవాళ్ళలో సగం మందికి చెరువులున్నాయి, నాకూ ఎకరంన్నర ఉంది. చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ మురుగు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నది మనలో మనం మాట్లాడుకోని విషయం. పక్కన వరి వేసినవాడి పొలంలోకి ఉప్పు ఊరితే వాడు ఏమీ అనలేక తనూ చెరువు తవ్వేస్తాడు. మన పత్రిక పాత సంచికలు తిరగేయండి. సుంకాల మీద వ్యాసాలున్నాయి, మేత ధర మీద ఉన్నాయి, కరెంటు ఛార్జీల మీద ఉన్నాయి. అవన్నీ కావలసినవే. కలిదిండి తాగునీటి మీద, చెరువు మురుగు మీద, పట్టుబడి రోజున చేపలు లాగే కూలీల రేటు మీద ఎన్ని ఉన్నాయి? కౌలు రైతు సొంతంగా రాసింది ఎన్ని? ఆడమనిషి రాసింది ఎన్ని? నేను చెప్పను, మీరే లెక్కపెట్టండి.

మా ఊరి పేరుతో వెయ్యేళ్ళ నాటి రాగిరేకుల శాసనం ఒకటుంది. రాజరాజ నరేంద్రుడు వేయించింది. యుద్ధంలో చచ్చిపోయిన చోళ సేనాపతుల జ్ఞాపకంగా గుళ్ళు కట్టించి, వాటికి ఊళ్ళు దానమిచ్చాడట. సేనాపతుల పేర్లు ఉన్నాయి, దానం ఇచ్చిన ఊళ్ళ పేర్లు ఉన్నాయి. ఆ ఊళ్ళల్లో నాట్లు వేసినవాళ్ళ పేర్లు లేవు. రాజుగారి పేపరు గదా, అలాగే ఉంటుంది. సంఘం పేపరు కూడా అలాగే ఉంటే ఎలా?

అందుకే నాదొక ప్రతిపాదన. ఏటేటా కలిదిండిలో సంఘం తరఫున ఒక ఉపన్యాసం పెడదాం. విషయం ఒకటే – మన గురించి ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని మాట్లాడనివ్వడం లేదు. దాళ్వా నూర్పిళ్ళయి కాలువలు కట్టేసిన తరవాత, ఎండాకాలం సాయంత్రం పూట పెట్టుకుంటే జనం కూర్చుంటారు. హాలు అక్కర్లేదు, హైస్కూలు ఆవరణ చాలు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, శాలువాలు, దండలు వద్దు. మంత్రిగారిని పిలిస్తే ఆ మర్నాడు పేపర్లో మంత్రిగారే ఉంటారు.

వచ్చే వక్త విలేకరి కావచ్చు, రేడియో నడిపే అమ్మ కావచ్చు, లాయరు కావచ్చు. ఒక షరతు మాత్రం పెట్టాలి. ఉపన్యాసానికి ముందు రెండు రోజులు మన ఊళ్ళల్లో తిరగాలి – ఒకరోజు శివారు వరి పొలాల్లో, ఒకరోజు లంకల్లో. రాత్రి ఎవరి ఇంట్లో పడుకున్నా సరే, గెస్ట్‌హౌస్ మాత్రం కాదు. మాట్లాడే టైము గంటయితే జనం అడిగే టైము గంట ఉండాలి. అడిగినవీ చెప్పినవీ మొత్తం ఈ పత్రికలో వేయాలి, మన మీద విమర్శ ఉంటే అదీ వేయాలి.

ఉపన్యాసానికి ముందు నెల రోజులు పార్కర్ చేసినట్టు మనమూ లెక్క తీద్దాం. ప్రతి యూనిట్‌లో ఇద్దరు చొప్పున జిల్లా పేజీలు చదివి రాయాలి. రైతు గురించి వార్త పడిందా, అందులో రైతు మాట ఉందా, కౌలుదారు మాట ఉందా, ఆడవాళ్ళ మాట ఉందా, ఫొటోలో ఎవరున్నారు. ఇంటర్ చదివే పిల్లలకు చెబితే సరదాగా చేస్తారు. ఆ కాగితాలు వక్త ముందు పెట్టాలి, మండలంలో ఉన్న విలేకరులందరినీ కూర్చోబెట్టి వాళ్ళ ముందూ పెట్టాలి. వాళ్ళను నిలదీయడానికని ఎవరూ అనుకోవద్దు. వాళ్ళ కష్టం కూడా ఆ వేదిక మీద చెప్పుకోనిద్దాం. యాడ్స్ టార్గెట్ సంగతి జనానికి తెలియాలి.

తప్పుడు వార్త పడితే ఏం చేయాలో కూడా ఆ రోజే నేర్చుకోవచ్చు. మనలో చాలామందికి తెలియదు, దినపత్రికలో పడిన వార్త మీద ప్రెస్ కౌన్సిల్‌కు రెండు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ముందు సంపాదకుడికి ఉత్తరం రాయాలి, దాని కాపీ జతచేయాలి. కౌన్సిల్‌కు మందలించే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు, టీవీలు దాని కిందికి రావు. అయినా ఒక శివారు రైతు పేరుతో ఉత్తరం వెళ్ళిందంటే ఆ డెస్కులో ఒకసారి ఆగి చూస్తారు. రాస్తారోకో నాడు నాకిది తెలిసి ఉంటే రాసేవాణ్ణే.

మన కమిటీలో ఈ మాట ఎత్తితే ఒకాయన, "పంట కొనేవాడు లేక ఏడుస్తుంటే ఉపన్యాసాలేమిటయ్యా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఖర్చు కూడా ఉంది. నా జవాబు ఒకటే. నీళ్ళు రాలేదని రోడ్డు మీద కూర్చున్న రోజున మన పక్క నిలబడవలసిన బస్సులోని జనం మనల్ని తిట్టుకుంటూ వెళ్ళారు. ఎందుకు కూర్చున్నామో వాళ్ళకు మర్నాడైనా తెలియలేదు. అది తెలిసి ఉంటే ఆ అర్జీ బరువు వేరుగా ఉండేది. ఇంకొకాయన, "మొదటి ఏడాది ఏ విషయం పెడతారు, ఆక్వా సుంకాలా?" అని అడిగాడు. మొదటి ఏడాది కలిదిండి తాగునీళ్ళు పెడదామన్నాను. గది నిశ్శబ్దం అయిపోయింది. చెరువులున్నవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తీర్మానం వాయిదా పడింది.

వచ్చే నెల రెండో ఆదివారం కమిటీ మళ్ళీ కూర్చుంటోంది. ఈలోగా నేను ఆ చెల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. "రండి అన్నయ్యగారూ" అని పీట వేసింది. గ్లాసుతో నీళ్ళిచ్చి, "ఇవి క్యాన్ నీళ్ళేలెండి, తాగండి" అంది. సమావేశానికి రమ్మని పిలిచాను. ఈసారి రిపోర్టు ఎవరు రాస్తారని అడిగింది. నువ్వే రాయమ్మా అన్నాను. ఆలోచించి చెబుతానంది.

ఆమె వచ్చినా రాకపోయినా మీరు రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పడున్న ఈ నెల జిల్లా పేజీలు కట్టకట్టి తీసుకురండి, మన పత్రిక పాత సంచికలు కూడా.